ఎయిర్ రైఫిల్‌కు సొంతంగా అడ్జస్టబుల్ స్టాక్: తరచుగా అడిగే ప్రశ్నలు

క్లబ్ రైఫిల్‌తో మొదలుపెట్టిన పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, పని చేసిపెట్టే వడ్రంగులు, లేత్ మిషన్ వాళ్లు తిప్పి తిప్పి అడిగే సందేహాలివి. ఇక్కడ చెప్పేదంతా 10 మీటర్ల టార్గెట్ షూటింగ్ గురించి, అంటే నిలబడి కాల్చే 4.5 మి.మీ. ఎయిర్ రైఫిల్ గురించి. స్టాక్ అంటే రైఫిల్ లోహపు భాగాలను మోస్తూ భుజానికీ చెంపకూ ఆనే కర్ర లేదా లోహపు చట్రం. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

స్టాక్ మారిస్తే స్కోరు నిజంగా పెరుగుతుందా?

స్టాక్ ఒక్కటే స్కోరు తేదు. కానీ సరిపోని స్టాక్ రావలసిన స్కోరును కచ్చితంగా ఆపుతుంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే. దాని కోసం 60 షాట్లు ఒకే నిలువులో, అంటే ఒకే తీరుగా నిలబడి, కాల్చాలి. ప్రతి షాట్‌కూ మెడ వంచి, భుజం ఎత్తి, ముఖాన్ని సైట్ దగ్గరకు తీసుకెళ్లాల్సి వస్తే ఇరవయ్యో షాట్ దగ్గరే కండరాలు అలిసిపోతాయి. మనిషి హాయిగా నిలబడాలి, రైఫిల్ అతని కంటి దగ్గరకు రావాలి. స్టాక్ చేసే పని అదే.

అయితే నిలబడే పద్ధతి ఇంకా కుదరని వాళ్లు ఆగాలి. రోజుకో రకంగా నిలబడేవాళ్లకు ఏ కొలత తీసుకున్నా వారం తిరిగేసరికి తప్పవుతుంది. ముందు కోచ్ దగ్గర నిలువు స్థిరపడనివ్వండి.

చట్టపరంగా ఇబ్బంది ఉందా? లైసెన్స్ కావాలా?

2016 ఆయుధ నియమాల ప్రకారం క్యాలిబర్ 4.5 మి.మీ. దాటకుండా, గొట్టం చివర శక్తి 20 జౌళ్లు మించకుండా ఉన్న ఎయిర్ గన్‌కు లైసెన్స్ అక్కరలేదు. మ్యాచ్ ఎయిర్ రైఫిల్ సుమారు 0.53 గ్రాముల పెల్లెట్‌ను సెకనుకు 170 మీటర్ల వేగంతో పంపుతుంది. లెక్కేస్తే ఏడున్నర జౌళ్లకు కాస్త పైన. స్టాక్ మార్చినంత మాత్రాన ఆ శక్తి మారదు. స్ప్రింగ్, వాల్వ్, బ్యారెల్ జోలికి వెళితే మాత్రం విషయం వేరవుతుంది, అటు వెళ్లకండి.

ఇంకో మాట. స్టాక్‌ను మిలిటరీ తుపాకీలా కనిపించేట్టు చేయించమని కొందరు కుర్రాళ్లు అడుగుతుంటారు. దయచేసి వద్దు. బస్‌స్టాండ్‌లో, రైల్వే స్టేషన్‌లో దాన్ని చూసినవాళ్లకు అది ఆట వస్తువో కాదో తెలియదు. రైఫిల్‌ను ఎప్పుడూ మూసిన కేస్‌లోనే తీసుకెళ్లండి, కొన్న బిల్లు దగ్గర ఉంచుకోండి.

ఇంట్లో చేసుకున్న స్టాక్‌ను పోటీల్లో ఒప్పుకుంటారా?

ఒప్పుకుంటారు. ఎవరు చేశారన్నది కాదు, కొలతలు హద్దుల్లో ఉన్నాయా లేదా అన్నదే చూస్తారు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల్లో స్టాక్ చేసేవాళ్లు ముందుగా గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. సైట్లతో కలిపి రైఫిల్ బరువు 5.5 కిలోలు దాటకూడదు. బ్యారెల్ మధ్య గీత నుంచి ఫోర్‌ఎండ్ (ముందు చేయి మోసే స్టాక్ ముందు భాగం) అడుగు వరకు 120 మి.మీ., అదే గీత నుంచి బట్‌ప్లేట్ (భుజానికి ఆనే వెనక పలక) కింది కొన వరకు 220 మి.మీ. మించకూడదు. బట్‌ప్లేట్ వంపు లోతు 20 మి.మీ. వరకే. బొటనవేలు దూర్చే రంధ్రం పెట్టిన స్టాక్‌కు ఎయిర్ రైఫిల్ పోటీలో అనుమతి లేదు. చూడ్డానికి బాగుంటుందని చాలామంది ఆ డిజైన్‌నే ఎంచుకుంటారు, తీరా పరికరాల తనిఖీ దగ్గర ఆగిపోతారు.

ఈ నియమాలను మధ్యమధ్యలో సవరిస్తుంటారు. చెక్క కోసే ముందు ఆ ఏడాది నియమావళిలో రైఫిల్ కొలతల పట్టిక ఒకసారి చూసుకోండి. ఎంత సర్దినా హద్దు దాటకుండా ఉండాలంటే అడ్జస్ట్‌మెంట్ చివరి స్థానంలో కూడా కొలత హద్దు లోపలే ఉండేట్టు గీసుకోవడం మంచిది.

స్ప్రింగ్ గన్‌కూ పీసీపీకీ ఒకే డిజైన్ సరిపోతుందా?

సరిపోదు. స్ప్రింగ్ గన్‌లో పిస్టన్ ముందుకు దూకేటప్పుడు తుపాకీ వెనక్కి తంతుంది, పిస్టన్ ఆగేటప్పుడు మళ్లీ ముందుకు లాగుతుంది. ఈ రెండు వైపుల కుదుపును స్టాక్ స్క్రూలే మోయాలి. అందుకని స్క్రూలు కూర్చునే చోట లోహపు గొట్టాలు, వెడల్పు వాషర్లు తప్పనిసరి. కదిలే భాగాలు కూడా ఎంత తక్కువుంటే అంత మంచిది.

గాలి సిలిండర్ ఉండే పీసీపీలో కుదుపు దాదాపు ఉండదు, స్టాక్‌ను ఎన్ని ముక్కలుగానైనా సర్దేలా చేసుకోవచ్చు. అక్కడ జాగ్రత్త వేరే. సిలిండర్‌గానీ బ్యారెల్‌గానీ స్టాక్‌ను ఎక్కడా తాకకూడదు. గాలి నిండినప్పుడూ తగ్గినప్పుడూ సిలిండర్ కొద్దిగా మారుతుంది. స్టాక్ దాన్ని ఒత్తుతుంటే పెల్లెట్ పడే చోటు కూడా మారుతుంది.

పాత స్టాక్‌నే కోసి మార్చుకోవచ్చా?

మొదటి ప్రయత్నానికి అదే మేలు. యాక్షన్ (బ్యారెల్, ట్రిగ్గర్ ఉండే లోహపు భాగం) కూర్చునే గాడి ఫ్యాక్టరీలోనే సరిగ్గా చెక్కి ఉంటుంది, ఆ కష్టం తప్పుతుంది. చెంప ఆనే భాగాన్ని (చీక్‌పీస్‌ను) అడ్డంగా కోసి పైకి లేచేలా, వెనక భాగాన్ని కోసి బట్‌ప్లేట్ జరిగేలా చేస్తే సగం పైగా పని అయినట్టే. క్లబ్ రైఫిల్ అయితే మాత్రం రాతపూర్వక అనుమతి లేకుండా రంపం పట్టకండి.

## కొలతలు తీసుకోవడం

కొలతలు ఎలా తీసుకోవాలి? ఇంట్లో అద్దం ముందు చాలదా?

చాలదు. పక్కన ఇంకొకరు ఉండాలి. పోటీలో వేసుకునే జాకెట్, ప్యాంటు, బూట్లు, గ్లవ్ అన్నీ వేసుకునే కొలవాలి. జాకెట్ మందం ఒక్కటే బట్‌ప్లేట్ కొలతను గమనించదగ్గంత మారుస్తుంది.

రైఫిల్ లేకుండా మొదలుపెట్టండి. పక్కకు తిరిగి నిలబడి, ముందు చేతి మోచేతిని తుంటి ఎముక మీద ఆనించి, తల నిటారుగా ఉంచండి. కళ్లు మూసుకుని రెండు మూడు ఊపిరులు వదలండి. శరీరం ఎక్కడ ఆగిందో అదే మీ సహజ స్థానం. ఇప్పుడు పక్కనున్నవాళ్లు నాలుగు కొలతలు తీయాలి. భుజం గుంట నుంచి చూపుడు వేలి మొదటి కణుపు వరకు ఒకటి. భుజం గుంట నుంచి కంటి ఎత్తు వరకు రెండోది. దవడ ఎముక నుంచి కంటి వరకు మూడోది. ముందు అరచేతి నుంచి కంటి ఎత్తు వరకు నాలుగోది. వీటినే వేరే రోజు ఇంకోసారి తీయండి. రెండు రోజుల కొలతలు బాగా తేడాగా వస్తే తప్పు టేపుది కాదు, నిలువు ఇంకా స్థిరపడలేదు.

ట్రిగ్గర్ నుంచి బట్‌ప్లేట్ వరకు ఎంత దూరం ఉండాలి?

బజారులో దొరికే మామూలు ఎయిర్ గన్‌లకు ఇది 350 మి.మీ.కు అటూ ఇటూగా ఉంటుంది. నిలబడి కాల్చేటప్పుడు శరీరం వెనక్కి, పక్కకు వాలుతుంది, జాకెట్ కూడా ఉంటుంది. అందుకే చాలామందికి అంతకంటే తక్కువే కావాలి. మరీ పొడవైతే తల ముందుకు సాగుతుంది, కుడి భుజం లాగినట్టవుతుంది. మరీ పొట్టిదైతే కుడి మోచేయి ఇరుకై మణికట్టు వంగుతుంది. తల నిటారుగా ఉండి, కుడి భుజం కిందికి వదులుగా వేలాడుతున్న కొలతే మీది.

చీక్‌పీస్ ఎత్తు సరిపోయిందని ఎలా తెలుస్తుంది?

కళ్లు మూసుకుని రైఫిల్ ఎత్తండి. తల బరువంతా చీక్‌పీస్ మీద వదిలేయండి. ఒక ఊపిరి తీసి వదిలి కళ్లు తెరవండి. వెనక పీప్ సైట్ రంధ్రం మధ్యలో ముందు సైట్ గుండ్రంగా కనిపించాలి. ముందు సైట్ పైకి కనిపిస్తే కన్ను ఎత్తులో ఉంది, చీక్‌పీస్ దించాలి. కిందికి జారి కనిపిస్తే చీక్‌పీస్ లేపాలి. పక్కకు జరిగితే చీక్‌పీస్‌ను పక్కకు జరపాలి, మెడను కాదు.

ఎత్తుతో పాటు పక్క జరుపు కూడా ఉండాలని గట్టిగా చెబుతాను. చాలా డిజైన్లలో పైకీ కిందికీ మాత్రమే పెడతారు. బుగ్గలు నిండుగా ఉన్న పిల్లలకూ, ముఖం సన్నగా ఉన్న పిల్లలకూ తేడా పక్క కొలతలోనే వస్తుంది. చీక్‌పీస్ పైభాగం దవడ ఎముక కింద కూర్చునేలా కొంచెం వాలుగా ఉంటే తల ప్రతిసారీ అదే చోటికి వస్తుంది.

ముందు చేయి తుంటి మీద ఆనితే రైఫిల్ కంటి దాకా రావడం లేదు. ఏం చేయాలి?

ఇది అందరూ చెప్పే ఇబ్బంది, ముఖ్యంగా నడుము పైభాగం పొడవుగా ఉండి చేతులు పొట్టిగా ఉన్నవాళ్లకు. మెడ వంచితే తాత్కాలికంగా సర్దుకుంటుంది, తర్వాత నొప్పి మొదలవుతుంది. ఫోర్‌ఎండ్ కింద హ్యాండ్ రైజర్ అనే దిమ్మను బిగించి లోతు పెంచాలి. బ్యారెల్ మధ్య గీత నుంచి 120 మి.మీ. హద్దు ఉంటుంది కాబట్టి దానికి లోపలే ఆపండి. అది కూడా చాలకపోతే అరచేయి బదులు పిడికిలి మీద, లేదా బొటనవేలికీ వేళ్లకూ మధ్య మోసే పద్ధతి కోచ్‌ను అడగండి. చేతి ఆకారం మారితేనే కొన్ని సెంటీమీటర్లు పెరుగుతాయి.

గ్రిప్ ఎంత లావు ఉండాలి?

లావు కంటే ముఖ్యమైనది వేలి దిశ. చూపుడు వేలి మొదటి కణుపు మెత్తని భాగం ట్రిగ్గర్‌ను నేరుగా వెనక్కి నొక్కాలి. వేలి మిగతా భాగం స్టాక్‌ను ఎక్కడా తాకకూడదు. తాకితే నొక్కిన ప్రతిసారీ రైఫిల్ పక్కకు కదులుతుంది.

కొంచెం సన్నగా చెక్కిన గ్రిప్ మీద ఎం-సీల్ లాంటి ఎపాక్సీ ముద్ద అద్ది, చేతికి పల్చటి గ్లవ్ వేసుకుని పట్టుకుంటే ఆకారం పడుతుంది. గట్టిపడ్డాక ఆకురాయితో, శాండ్‌పేపర్‌తో సరిచేయండి. గట్టిగా పిండి అచ్చు తీయకండి. కాల్చేటప్పుడు ఎంత వదులుగా పట్టుకుంటారో అంతే వదులుగా పట్టుకోవాలి.

మా పాపకు పన్నెండేళ్లు, ఇంకా ఎదుగుతోంది. ఇప్పుడే చేయించడం దండగ కాదా?

అడ్జస్టబుల్ స్టాక్ అవసరం పెద్దవాళ్ల కంటే ఎదిగే పిల్లలకే ఎక్కువ. బట్‌ప్లేట్ జరుపు 60 మి.మీ. వరకు పెట్టుకుంటే చాలా ఏళ్లు సరిపోతుంది. ఇక్కడ అసలు చూడాల్సింది బరువు. పోటీ హద్దు 5.5 కిలోలు అన్నది గరిష్ఠం, అంత ఉండి తీరాలని కాదు. చిన్న పిల్లలు తేలికైన రైఫిల్‌తో మొదలుపెట్టి, నడుము, వీపు బలపడే కొద్దీ బరువు ముక్కలు చేర్చుకుంటూ పోవాలి. ఎదిగే వయసులో వెన్ను మీద పడే భారాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

కుడిచేతి వాటం, కానీ ఎడమ కన్ను బలంగా ఉంది. ఏ వైపు చేయించాలి?

స్టాక్‌కు ఖర్చు పెట్టే ముందే కోచ్‌తో కలిసి తేల్చుకోండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లయితే బలమైన కంటి వైపుకు మారడం మంచిది. ఏళ్లుగా అలవాటైనవాళ్లు ఇంకో కంటి ముందు చిన్న అడ్డు పెట్టుకుని కొనసాగవచ్చు.

## కర్ర, లోహం, ప్లాస్టిక్

ఏ కర్ర మంచిది?

మన దగ్గర దొరికే వాటిలో చేవ ఉన్న పాత టేకు నా మొదటి ఎంపిక. వాతావరణం మారినా పెద్దగా వంగదు, ఉలికి లొంగుతుంది, బరువు మధ్యస్తం. పాత ఇళ్లు కూల్చినప్పుడు దొరికే దూలాల ముక్కలు బాగా ఆరి ఉంటాయి, మేకులు మాత్రం ముందే ఏరేయాలి. జిట్రేగి గట్టిది, అందమైనది, కానీ బరువెక్కువ. అక్రోటు దేశదేశాల్లో తుపాకీ స్టాక్‌లకు పేరున్న కర్ర, ఇక్కడ దొరకడం కష్టం. మామిడి చవకే గానీ తేమకు వంగుతుంది, పురుగు పడుతుంది.

నిర్మల్, కొండపల్లి బొమ్మలు చేసే పొనికి కర్ర స్టాక్‌కు పనికిరాదు, మరీ మెత్తన. కానీ గ్రిప్, చీక్‌పీస్ ఆకారాలను ముందుగా చెక్కి చూసుకోవడానికి అంతకంటే సుఖమైన కర్ర లేదు. చిన్న చాకుతోనే కోరుకున్న ఆకారం వస్తుంది. చేతికి నచ్చిన తర్వాత అదే కొలతతో టేకులో చేయించుకోవచ్చు.

ఏ కర్రయినా పోగు గ్రిప్ దగ్గర అడ్డంగా తెగకుండా చూసుకోండి. స్టాక్‌లు విరిగేది ఎక్కువగా అక్కడే.

అల్యూమినియంలో చేయిస్తే?

అన్షూట్జ్ 9015, వాల్తర్ ఎల్‌జీ400 లాంటి మ్యాచ్ రైఫిళ్లు అల్యూమినియం స్టాక్‌తో వస్తున్నాయి. లోహం తేమకు ఉబ్బదు, కొలత కదలదు. హైదరాబాద్ బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో మిల్లింగ్ పని తెలిసిన షాపులు దొరుకుతాయి. వాళ్లకు నోటిమాటగా చెప్పకండి, కొలతలన్నీ రాసిన డ్రాయింగ్ ఇవ్వండి. మొత్తం లోహంలో చేయించే బదులు నడిమి భాగం కర్ర, కదిలే భాగాలు అల్యూమినియం పెట్టడం సొంతంగా చేసుకునేవాళ్లకు నయం.

త్రీడీ ప్రింట్ చేసిన భాగాలు నిలుస్తాయా?

చీక్‌పీస్‌కు, గ్రిప్‌కు బాగా నిలుస్తాయి. రైఫిల్ బరువు మోసే నడిమి భాగానికి నేను సలహా ఇవ్వను. పీఎల్‌ఏ ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీలకే మెత్తబడుతుంది. మే నెలలో ఎండలో ఆపిన కారులో వదిలేస్తే చీక్‌పీస్ వంకరపోతుంది. పీఈటీజీ గానీ ఏబీఎస్ గానీ వాడండి. పొరలు విడిపోయే దిశలో బోల్టు లాగకుండా ప్రింట్ దిశను ఎంచుకోండి.

బట్‌ప్లేట్ జరగడానికి ఎలాంటి ఏర్పాటు పెట్టాలి?

రెండు సమాంతర కడ్డీల మీద జరిగే ఏర్పాటు సులువు, నమ్మకమైనది. ఒకే కడ్డీ పెడితే బట్‌ప్లేట్ గుండ్రంగా తిరుగుతుంది. త్రీడీ ప్రింటర్ విడిభాగాలు అమ్మేచోట 10 మి.మీ. నునుపు స్టీలు కడ్డీలు దొరుకుతాయి. స్టాక్ వెనక బిగించిన అల్యూమినియం దిమ్మలో వాటికి రంధ్రాలు వేయించి, దిమ్మకు ఒక పక్క చీలిక కోయించి, అడ్డంగా ఎం5 అలెన్ బోల్టు పెట్టండి. బోల్టు బిగిస్తే చీలిక మూసుకుని కడ్డీని చుట్టూ పట్టుకుంటుంది. కడ్డీ మీద నేరుగా స్క్రూ మొన నొక్కే పద్ధతి చవకే, కానీ అది గుంట పెడుతుంది. తర్వాత ఎంత సర్దినా స్క్రూ ఆ గుంటలోకే జారిపోతుంది. తప్పనిసరైతే స్క్రూ మొన కింద ఇత్తడి ముక్క వేయండి.

రెండు రంధ్రాలను ఒకే బిగింపులో వేయించాలి. తీసి మళ్లీ బిగించి రెండోది వేస్తే సమాంతరం తప్పి కడ్డీలు ఇరుక్కుంటాయి. బట్‌ప్లేట్‌ను పైకీ కిందికీ జరపడానికి దాని వెనక నిలువు గాడి చాలు.

బోల్టులు నేరుగా చెక్కలో బిగించవచ్చా?

వద్దు. నాలుగుసార్లు విప్పి బిగిస్తే మర అరిగిపోతుంది. లోపల మర ఉన్న ఇత్తడి ఇన్సర్ట్‌లు ఎపాక్సీతో కూర్చోబెట్టండి. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి హార్డ్‌వేర్ బజారుల్లో దొరుకుతాయి. అన్ని బోల్టులూ ఒకే సైజు అలెన్ తాళానికి వచ్చేలా ఎంచుకుంటే రేంజ్‌లో టెన్షన్ ఉండదు.

## తయారీ

యాక్షన్‌ను స్టాక్ నుంచి తీసేటప్పుడు ఏం చూసుకోవాలి?

ముందు బ్యారెల్ ఖాళీగా ఉందని కళ్లతో చూడండి. పీసీపీ అయితే సిలిండర్ విప్పి పక్కన పెట్టండి. నిండు సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడి ఉంటుంది, దాని దగ్గర డ్రిల్లు గానీ వేడి గానీ పనికిరావు. స్ప్రింగ్ గన్ అయితే స్టాక్ లేకుండా ఎప్పుడూ కాక్ చేయవద్దు, అంటే స్ప్రింగ్‌ను నొక్కి పెట్టవద్దు. వెనక మూత విప్పే అవసరం స్టాక్ పనిలో రాదు. లోపల స్ప్రింగ్ నొక్కుకుని ఉంటుంది, సరైన బిగింపు లేకుండా విప్పితే మూత ఎగిరి గాయపరుస్తుంది.

యాక్షన్ గాడిలో కొంచెం ఊగుతోంది. స్క్రూలు ఇంకా బిగిస్తే పోతుందా?

పోదు, చెక్క నలుగుతుంది. యాక్షన్ కింద, స్క్రూల చుట్టూ ఎపాక్సీ పోసి అచ్చు తీయడాన్ని బెడ్డింగ్ అంటారు. లోహానికి ముందు మైనం పట్టించి, స్క్రూ రంధ్రాలు, ట్రిగ్గర్ భాగం బంకమన్నుతో మూసి, ఎపాక్సీ పల్చగా వేసి, యాక్షన్‌ను చేత్తో మెల్లగా కూర్చోబెట్టి ఒక రోజు వదిలేయాలి. మైనం ఎక్కడైనా తప్పిపోతే యాక్షన్ శాశ్వతంగా అతుక్కుపోతుంది, అందుకే రెండుసార్లు పట్టించండి.

ఫినిష్‌కు ఏం వాడాలి?

అవిసె నూనె పల్చగా, పొర ఆరాక పొర. చేతికి జారదు, గీత పడితే అక్కడికక్కడ మళ్లీ రాసుకోవచ్చు. గాడి లోపల, బట్‌ప్లేట్ వెనక కోసిన అంచులకు కూడా రాయండి, తేమ ఎక్కువగా లాగేది అక్కడే. నూనె తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. విప్పి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి.

## సర్దుకోవడం, వాడకం

అన్నీ కదిలేవే. ఏది ముందు సెట్ చేయాలి?

కిందినుంచి పైకి. ముందు పాదాలు, మోచేయి. ఆ తర్వాత హ్యాండ్ రైజర్, బట్‌ప్లేట్ పొడవు, బట్‌ప్లేట్ ఎత్తు, గ్రిప్. చీక్‌పీస్ చివరికి. చాలామంది చీక్‌పీస్‌తో మొదలుపెడతారు, తర్వాత బట్‌ప్లేట్ కదలగానే అది మళ్లీ తప్పుతుంది.

ఒక రోజు ఒక్కటే మార్చండి, అదీ రెండు మూడు మిల్లీమీటర్లకు మించకుండా. కడ్డీల మీద, చీక్‌పీస్ కాడ మీద గీతలు గీసి, ప్రతి మార్పునూ తేదీతో నోట్‌బుక్‌లో రాయండి. పోటీకి వారం ముందు నుంచి ఏదీ ముట్టుకోవద్దు.

బరువు ముక్కలు ముందు పెట్టాలా, వెనకా?

రైఫిల్ మొత్తం ముందు చేతి దగ్గర తూగితే మంచిది. ముందు బరువు పెరిగితే కదలిక నెమ్మదిస్తుంది, కానీ భుజం, వీపు త్వరగా అలిసిపోతాయి. 50 గ్రాముల చొప్పున మార్చి చూడండి. మొదటి పది షాట్లను బట్టి కాకుండా చివరి పది షాట్లను బట్టి నిర్ణయించుకోండి.

వానాకాలంలో పెల్లెట్ పడే చోటు మారుతోంది. బ్యారెల్ చెడిందా?

బ్యారెల్‌ను అనుమానించే ముందు స్టాక్ చూడండి. చెక్క పొడవునా పెద్దగా మారదు, అడ్డంగా ఉబ్బుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఇది బాగా తెలుస్తుంది. బ్యారెల్‌కూ ఫోర్‌ఎండ్‌కూ మధ్య ఒక కాగితం జరిపి చూడండి, ఎక్కడ ఆగితే అక్కడ చెక్క తాకుతోంది. ఆ చోట గీకి మళ్లీ నూనె రాయండి. ఆ తర్వాత స్టాక్ స్క్రూలను రైఫిల్ మాన్యువల్‌లో చెప్పినంత బిగువుకే, ప్రతిసారీ ఒకే వరసలో బిగించండి.

స్ప్రింగ్ గన్ స్క్రూలు పదేపదే వదులవుతున్నాయి.

స్క్రూ మరల మీది నూనె తుడిచి, విప్పడానికి వీలుండే నీలం రంగు థ్రెడ్‌లాకర్ ఒక చుక్క వేయండి. ఎర్రది వద్దు, వేడి చేస్తే తప్ప విడదు.

ప్రాక్టీస్ తర్వాత మెడ నొప్పి, నడుము నొప్పి వస్తున్నాయి. కొత్తలో మామూలేనా?

అలసట మామూలు, నొప్పి మామూలు కాదు. మెడ నొప్పి ఎక్కువగా చీక్‌పీస్ మరీ తక్కువ కావడం వల్లో, స్టాక్ మరీ పొడవు కావడం వల్లో వస్తుంది. నడుము నొప్పికి బరువు, వెనక్కి వాలడం ఎక్కువ కావడం కారణాలు. రైఫిల్ బరువు తగ్గించి రెండు వారాలు చూడండి. అప్పటికీ తగ్గకపోతే, లేదా కాలులోకి నొప్పి పాకుతుంటే, కాల్చడం ఆపి ఎముకల డాక్టర్‌ను గానీ ఫిజియోను గానీ కలవండి. పిల్లలు పోటీ పోతుందని నొప్పి దాస్తారు, అందుకే పెద్దవాళ్లే అడిగి తెలుసుకోవాలి.

పోటీకి వెళ్లేటప్పుడు స్టాక్ విప్పాలా?

విప్పకుండా పట్టే కేస్ ఉంటే అలాగే తీసుకెళ్లండి. విప్పక తప్పకపోతే బట్‌ప్లేట్ కడ్డీల దగ్గర మాత్రమే విప్పండి, యాక్షన్ స్క్రూలు కదిలించవద్దు. విప్పే ముందు ప్రతి గీతకూ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. అలెన్ తాళాలు, విడి బోల్టులు రెండు, చిన్న స్టీలు స్కేలు కేస్‌లోనే ఉంచండి. రేంజ్‌కు చేరాక పరికరాల తనిఖీకి ముందే అన్నీ బిగించి కొలవండి. తనిఖీ అయ్యాక ఏ కొలత మార్చినా హద్దుల్లోనే ఉండాలి. మ్యాచ్ తర్వాత కూడా అధికారులు రైఫిల్‌ను మళ్లీ కొలవచ్చు.